పైకి పోయిన రింగు

మా గల్లీలో ఈ కథను రెండు రకాలుగా చెప్పుకుంటారు. మొదటి రకం ప్రకారం నేను మా ఆయనతో కొట్లాడి, కోపం పట్టలేక బంగారు ఉంగరం మింగాను. రెండో రకం మా ఆయన యాదగిరి తన మోటారు వైండింగ్ దుకాణంలో కూర్చుని చెప్పేది: నాకు జబ్బూ లేదు గిబ్బూ లేదు, ఉన్నదల్లా ఫోన్లో వీడియోలు చూసి తెచ్చుకున్న భయం, తాను మాత్రం మొదటి నుంచీ నిమ్మళంగానే ఉన్నాడు. రెండూ అబద్ధాలే. ఉంగరం మింగేంత కోపం నాకెప్పుడూ రాలేదు, వస్తే మింగేది ఉంగరాన్ని కాదు. ఇక ఆయన నిమ్మళం సంగతి: ఆ మూడు రోజుల్లో ఒక రైతు బోరు మోటారుకు తీగ తిరగేసి చుట్టాడు, స్టార్ట్ చేస్తే అది నీళ్లు తోడకుండా మొత్తుకుంది. అదీ ఆయన నిమ్మళం.

అసలు జరిగింది ఈ రెండింటికంటే ఘోరం. అంతా నా తెలివి వల్లే జరిగింది. విన్నాక మీరు నవ్వినా నేనేమీ అనుకోను. అనుకున్నా బయటికి అనను. అంటే మాత్రం పడాలి.

ఆరేళ్ల కింద, నాకు నలభై ఏడేళ్లప్పుడు, ఒకరోజు స్నానం చేస్తుంటే చేతికి ఏదో తగిలింది. మెత్తగా, కోడిగుడ్డంత. నిన్నటి దాకా అక్కడ లేనిది. చెంబు చేతిలోంచి జారింది. నేను డిగ్రీలో జువాలజీ చదివాను, ఇంటి దగ్గర పదో తరగతి పిల్లలకు సైన్సు ట్యూషన్ చెబుతాను. అంత చదువూ కలిసి ఆ క్షణంలో నాకు ఇచ్చిన జవాబు ఒకటే: గడ్డ. గడ్డ అంటే క్యాన్సర్. క్యాన్సర్ అంటే ఇక చెప్పేదేముంది.

ఎవరికీ చెప్పలేదు. నాలుగు నెలలు దాన్ని మోసుకుని తిరిగాను. నిలబడితే కిందికి లాగేది, పడుకుంటే కనపడకుండా పోయేది. దగ్గాలంటే భయం, తుమ్మాలంటే భయం, బిందె ఎత్తాలంటే భయం. ఎవరితోనైనా గట్టిగా వాదిస్తే పొట్ట బిగుస్తుందని వాదించడం కూడా మానేశాను. ఆ నాలుగు నెలలు గల్లీ ఎంతో ప్రశాంతంగా ఉండిందని తర్వాత తెలిసింది. కూరగాయలామె అయితే నాకు దయ్యం పట్టిందని అనుకుందట.

చివరికి డాక్టరు దగ్గరికి పోయాను. రామాయంపేట పిల్ల, ముప్పై దాటి ఉండవు. చూసింది, చేతులు కడుక్కుంది.

"గడ్డ కాదమ్మా. క్యాన్సర్ కాదు. గర్భసంచి జర కిందికి జారింది. కాన్పులైనోళ్లల్ల మస్తు మందికి అయితది."

"ఆపరేషన్ చెయ్యనియ్య. ముందే చెప్తున్న."

"నేను ఆపరేషన్ అన్ననా?"

"అంటరు. నాకు తెల్వదా. మా అక్కకు గిట్లనే అన్నరు."

మా అక్క శంకరంపేటలో ఉంటుంది. నొప్పి అని పోతే ముప్పై అయిదేళ్లకే గర్భసంచి తీశారు. మత్తు సూది తర్వాత ఆమెకు తెలివి రావడానికి సాయంత్రమైంది. అంతసేపూ మంచం పక్కన కూర్చుని ఆమె ముక్కు కింద వేలు పెట్టి చూసింది నేనే. ఆనాటి నుంచి కత్తెర చప్పుడు వింటే నా కాళ్లు చల్లబడతాయి. ఇది నవ్వే మాట కాదు, ఇక్కడ నవ్వకండి. ముందు చాలా జాగా ఉంది.

"ఆపరేషన్ ఒద్దంటే పెసరీ పెడ్తం," అంది డాక్టరు.

"పెసర్లా? నానబెట్టినయా, మొలకలా?"

ఆమె సొరుగులోంచి ఒక చక్రం తీసి చూపించింది. చేతిగాజుకంటే చిన్నది, చిటికెన వేలంత లావు, మెత్తటి రబ్బరులాంటిది. "రింగు అనుండ్రి, అందరు గట్లనే అంటరు. జారినదాన్ని పైకి పట్టుకోని కూసుంటది. వారానికోసారి తీసి, సబ్బుతోని కడిగి, ఆరబెట్టి, మళ్ల పెట్టుకోవాలె. ఎట్లనో చూపిస్త."

పెట్టింది. దగ్గమంది, దగ్గాను. గొంతుక్కూర్చోమంది, కూర్చున్నాను. గదిలో అటూ ఇటూ నడవమంది, బతుకమ్మ ఆడినట్టు మూడు చుట్లు తిరిగాను. కదల్లేదు. నాలుగు నెలల బరువు ఒక్క నిమిషంలో పోయింది. బరువు పోయిందంటే నోరు తిరిగి వచ్చిందన్నమాట.

"ఇప్పుడు లోపల ఎట్లుంటదో బొమ్మ గీసి చెప్త," అని ఆమె కాగితం తీసింది. "మీకు భయం లేకుంట ఉంటది."

"మేడం, నేను జువాలజీ చదివిన. కప్పను కోసిన. నాకు బొమ్మ గీసి చెప్పాల్నా?"

"గది కాదమ్మా, ఒక్క నిమిషం ఇనుండ్రి. గీ రింగు ఎప్పుడన్న..."

"నేనే పిల్లలకు బొమ్మలు గీసి చెప్తా. మీరు వేరే పేషెంట్లను చూడుండ్రి, పాపం బయట కూసున్నరు."

కాగితం మళ్లీ సొరుగులోకి పోయింది. కప్పకు గర్భసంచే లేదని ఆ పూట నాకు గుర్తు రాలేదు. ఇంకో నిజం కూడా చెబుతాను. పదో తరగతిలో ప్రత్యుత్పత్తి పాఠం వచ్చినప్పుడల్లా "గిది ఇంటికాడ సదువుకోండ్రి" అని పేజీలు తిప్పేసేదాన్ని. నేను మాత్రం ఇంటి దగ్గర చదువుకోలేదు.

రెండు నెలలు హాయిగా గడిచాయి. గల్లీలో ప్రశాంతత పోయింది. మా ఆయనకు రింగు సంగతి చెప్పాను, అత్తమ్మకు చెప్పలేదు. అత్తమ్మకు అప్పటికి డెబ్బై రెండేళ్లు. ఆమెకు తెలియని వస్తువు ఇంట్లో ఉండకూడదు, ఉంటే అది ఎవరు తెచ్చారో, ఎందుకు తెచ్చారో, ఇంకా ఎన్నాళ్లు ఉంటుందో పొద్దున చాయలోపే తేలాలి. ఇన్నాళ్లూ కడిగిన రింగును కొంగుతో తుడిచే పెట్టుకున్నాను, కానీ డాక్టరు ఆరబెట్టమంది, ఆరబెట్టేది ఎక్కడ? స్నానాల గది కిటికీలో పెడితే అడుగుతుంది. బీరువాలో పెడితే ఆరదు. దండెం మీద వేయడానికి అదేమీ రుమాలు కాదు.

అప్పుడు నా బుర్ర వెలిగింది. వంటింట్లో ఒక మేకుకు పాత కుక్కర్ రబ్బర్లు మూడు వేలాడుతుంటాయి. అత్తమ్మ ఏదీ పారెయ్యదు. రబ్బరు చక్రాల మధ్య రబ్బరు చక్రం, ఎవరు చూస్తారు? ఆదివారం పొద్దున తీసి, కడిగి, మేకుకు తగిలించి, రెండడుగులు వెనక్కి వేసి నా తెలివిని నేనే చూసి మురిసిపోయాను.

ఆ మురిపెం ముగియకముందే వాకిట్లో ఆటో ఆగింది. కౌడిపల్లి నుంచి మా ఆయన తరఫు వాళ్లు పెండ్లి పత్రిక ఇవ్వడానికి వచ్చారు. ఒక పత్రికకు ఏడుగురు మనుషులు. చాయ పోశాం, ఉల్లిగడ్డలు కోశాం, కోడిని కోశాం. వాళ్లు పోయేసరికి మధ్యాహ్నం మూడు దాటింది. అప్పుడు గుర్తొచ్చి వంటింట్లోకి పోయి చూస్తే మేకు మీద కుక్కర్ రబ్బర్లు మూడున్నాయి. రింగు లేదు.

ఇక్కడ తెలివైన మనిషి ఏం చేస్తుంది? వెతుకుతుంది. నేను ఆలోచించాను. ఇంట్లో దాన్ని ముట్టుకునేవాళ్లు ఎవరూ లేరు. అంటే నేనే ఆ హడావుడిలో తీసి పెట్టుకుని ఉంటాను, పని తొందరలో మర్చిపోయాను. సరే అని నిశ్చింతగా పోయి గిన్నెలు తోమాను.

మంగళవారం పొద్దున మళ్లీ బరువు మొదలైంది. చేతులు కడుక్కుని, తలుపు గడియ వేసుకుని చూసుకున్నాను. రింగు లేదు. ఇంకొంచెం వెతికాను. లేదు. పెట్టుకున్న రింగు కింద పడలేదు, పడితే తెలిసేది. లోపల అందడం లేదు. మరి ఎక్కడుంది? లెక్క ప్రకారం మిగిలిన దారి ఒక్కటే. పైకి పోయింది.

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు అంటారు కదా. నేను పిల్లను ఊళ్లో వదిలేసి చంకంతా వెతికినదాన్ని. కానీ ఆ సంగతి అప్పుడు తెలియదు. గోడ పట్టుకుని బయటికొచ్చి, దుకాణానికి పోబోతున్న మా ఆయనను గదిలోకి లాగాను.

"ఏమయ్యా, రింగు పోయింది."

"ఏ రింగు?"

"నాకు ఎన్ని రింగులున్నయి? గా రింగే."

"ఏడికి పోయింది?"

"పైకి."

ఆయన ఫ్యాను వైపు చూశాడు.

"గా పైకి కాదు. కడుపులకు."

"గట్లెట్ల పోతదే? బోరుబావిల పడ్డ స్పానరు కిందికే పోతది. పైకి పోవాల్నంటే లోపల మోటరుండాలె."

"నీకు పరాచికం అయితుందా?"

"కాదే, ఆలోచిస్తున్న. నిన్న శనగపప్పు తిన్నవ్. గ్యాసు ఎత్తిందేమో." ఆయన మొహం తెల్లబడింది. "నడువు, డాక్టరమ్మ కాడికి పోదాం."

"పోతే ఏం చేస్తది? కోస్తది. ఎటు పోయిందో ఎర్క లేదు గాబట్టి పొట్టంత కోస్తది. మా అక్కకు ఒక్క జాగల కోసిన్రు, నన్ను బొంత ఇప్పినట్టు ఇప్పుతరు."

అదీ నా భయం. డాక్టరు దగ్గరికి పోతే కత్తి, పోకపోతే రింగు. కత్తి తప్పించుకోవడానికి పెట్టించుకున్న రింగే నన్ను కత్తి దగ్గరికి తోలుతోంది.

తలుపు అవతల గాజుల చప్పుడైంది. అత్తమ్మ.

"ఏంది, రింగు పోయిందా? పెండ్లినాటి ఉంగ్రమా?"

మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. మా ఆయన పుట్టి బుద్ధెరిగాక తల్లికి చెప్పిన మొదటి అబద్ధం అప్పుడే చెప్పాడు. "ఔనమ్మ. గదే."

ఆ పెండ్లినాటి ఉంగరం నా వేలికే ఉంది. చెయ్యి వెనక్కి పెట్టుకుని, వేలికి ఉమ్ము రాసి లాగి, బియ్యం డబ్బాలోకి వేశాను. ఒక రింగు పోయిందని రెండో రింగును నేనే పోగొట్టాల్సి వచ్చింది.

ఆ రోజు మధ్యాహ్నం ఫోన్లో వెతికాను. వెతకకూడదని ఇప్పుడు మీకు చెబుతున్నాను, మీరూ వినరు. ఒకడెవడో లోపల పెట్టిన వస్తువు గోడ చీల్చుకుని కాలేయం దాకా పోయిందని, ఎర్ర బాణం గుర్తులు వేసి మరీ చూపించాడు. అది వేరే వస్తువు, ఇనుపది, దాని కథ వేరు. ఆ ముక్క వీడియో చివర్లో చెప్పాడట, నేను చివరి దాకా చూసే ధైర్యం చేయలేదు. సాయంత్రానికల్లా రింగు నా కుడి పక్కటెముక కింద తిరగడం మొదలుపెట్టింది. ఒట్టు. గుండ్రంగా, నిదానంగా తిరిగింది. మా ఆయన చెవి పెట్టి విన్నాడు.

"ఇనవడ్తుందా?"

"ఏదో గుర్రుమంటుంది."

"గదే."

"నాకు భయమైతుందే, సుజాతా."

"నేను పోతే ట్యూషన్ పిల్లలకు విద్యుత్తు పాఠం ఎవరు చెప్తరు?"

"మోటర్లు చుట్టేటోణ్ణి, నేను చెప్త."

"గందుకే నాకు ఎక్కువ భయం."

ఇద్దరం నవ్వబోయి ఆగిపోయాం. నవ్వితే రింగు కదులుతుందని.

బుధవారం అత్తమ్మ ఒక ముసలాయనను వెంటబెట్టుకుని వచ్చింది. అంజనం వేసే ఆయన. తమలపాకుకు నల్ల కాటుక పూసి, అందులోకి చూసి, పోయిన వస్తువు ఎక్కడుందో చెబుతాడు. నాకు ఇలాంటివాటి మీద ఇసుమంత నమ్మకం లేదు. వీటికి వ్యతిరేకంగా పిల్లలతో వ్యాసాలు రాయించినదాన్ని. కానీ ఆ రోజు ఆయన ఆకు తీసేసరికి నా మోకాళ్లు వాటంతటవే మడతపడి ముందు వరసలో కూర్చున్నాయి.

ఆయన ఆకులోకి చూశాడు. మళ్లీ చూశాడు.

"ఇంట్లనే ఉన్నది. గడప దాటలే."

"నేను ముందుగాల్నే అన్న," అంది అత్తమ్మ. "యాడ ఉన్నది, తాతా?"

"చీకటి జాగ. తడి జాగ."

నేను పొట్ట మీద చెయ్యి వేసుకున్నాను.

"గుండ్రంగున్నది ఏదో మీద కూసున్నది. దాని కింద నలుగుతుంది."

"ఎవల కాడ ఉన్నది?"

"ఆడామె కాడ. గాని అది ఏందో ఆమెకు సుత ఎర్క లేదు."

అత్తమ్మ నా వైపు చూసింది. నేను ఆకు వైపు చూశాను. చివరికి నేనే అడిగాను. "తాతా, దానంతట అది బయటికొస్తదా?"

"కదిలిస్తె వస్తది. కదిలియ్యకుంటె గాడనే పాతుకపోతది."

తర్వాతి సంగతి నాకు తెలియదు. కళ్లు తెరిచేసరికి నా మొహం మీద నీళ్లు, తల అత్తమ్మ ఒళ్లో, మా ఆయన నా అరికాళ్లు రుద్దుతున్నాడు. "ఉంగ్రం కోసం గింత పాణం తీసుకుంటవా బిడ్డా," అంటోంది అత్తమ్మ. "పోతే పోయింది తియ్యి." పెండ్లైన పాతికేళ్లలో ఆమె నాతో అంత మెత్తగా మాట్లాడింది అదే మొదటిసారి. దాంతో నేను చచ్చిపోవడం ఖాయమనిపించింది.

గురువారం ఆటోలో బయలుదేరాం. నేను ఒంటిగా పోతానన్నాను, అత్తమ్మ వినలేదు. బస్టాండు దాటాక వరసగా స్పీడ్ బ్రేకర్లు. ప్రతి దాని ముందూ మా ఆయన ముందుకు వంగి "జర నెమ్మది భాయ్, లోపల సామాను ఉన్నది," అనేవాడు. మూడోసారి ఆటో ఆయన బండి ఆపి, దిగి, వెనక సీటంతా చూసి, "ఏ సామాను అన్నా, ఏం కనవడ్తలేదు," అన్నాడు. "కనవడకనే గద పరేషాన్," అన్నాడు మా ఆయన.

డాక్టరు నన్ను లోపలికి పిలిచింది. తెర వేసి చూసింది. నేను కళ్లు మూసుకుని, చిన్నప్పటి ఎక్కాలతో సహా వచ్చినవన్నీ చదివాను.

"ఏం లేదమ్మా. ఖాళీ."

"పైన చూడుండ్రి."

"పైన అంటే?"

"కాలేయం దిక్కు."

ఆమె భుజాలు అదిరాయి. కాసేపు అటు తిరిగి గోడ మీది క్యాలెండరు చూసింది. తిరిగి ఇటు వచ్చాక సొరుగులోంచి కాగితం తీసింది.

"అమ్మా, కాలేయం దిక్కు తొవ్వ లేదు. గిది సంచి లెక్క, తలుపు ఒక్కటే, లోపలి కొసకు గోడ ఉంటది. గోడ నడుమ గర్భసంచి మూతి. దాంట్లకెల్లి గీ రింగు పట్టదు. ఉంటే లోపల ఉండాలె, లేకుంటే బయట పడాలె, అంతే. గిదే ఆరోజు చెప్పబోయిన. మీరు కప్పను తెచ్చి అడ్డం పెట్టిండ్రు."

"అయితే కోసుడు..."

"ఏం కోస్తం? ఇంటికి పోయి వెతుక్కోండ్రి."

నేను ఏడ్చాను. ఉత్త ఏడుపు కాదు, రాగం తీసి ఏడ్చాను. మూడు రోజుల భయం, అంతకు ముందు నాలుగు నెలల భయం, అక్క ముక్కు కింద వేలు పెట్టుకుని కూర్చున్న సాయంత్రం, అన్నీ కలిసి వచ్చాయి. ఆ చప్పుడుకు బయట బెంచీ మీద ఉన్న అత్తమ్మ తెర తోసుకుని వచ్చేసింది. ఆమె వెనక, తెర అంచు పట్టుకుని మా ఆయన.

"ఏమైంది డాక్టరమ్మా? ఏం చెప్పిన్రు మా పిల్లకు?"

డాక్టరు చేతిలో కొత్త రింగు ఉంది, నాకు పెట్టడానికి తీసింది. అత్తమ్మ దాన్ని చూసింది.

"గిదా? గిసొంటిది మా ఇంట్ల పెరుగు గురిగి కింద ఉన్నది గద."

నా ఏడుపు రాగం మధ్యలోనే తెగింది.

"ఆదివారం గురిగి బండ మీద నిలవక ఊగుతుండె. ఏడుగురు చుట్టాలాయె, కింద పడితె పెరుగేది? మేకుకు గిది కనవడ్డది, కుదురు పెట్టిన. మస్తు కూసున్నది."

మట్టి గురిగి అడుగు గుండ్రంగా ఉంటుంది. కుదురు లేకపోతే నిలబడదు. చీకటి మూల, తడి బండ, పైన గుండ్రటిది, ఆడమనిషి చేతి కింద. ముసలాయన ఒక్క ముక్క తప్పు చెప్పలేదు. వ్యాసాలు రాసిన పిల్లలకు నేనింకా ఈ సంగతి చెప్పలేదు.

"నేను నాలుగు దినాల సంది గా పెరుగే తింటున్న," అన్నాడు మా ఆయన మెల్లగా.

"పెరుగు గురిగిల ఉన్నది, రింగు గురిగి కింద ఉన్నది," అన్నాను కళ్లు తుడుచుకుంటూ. "నీకేం కాలే."

"సబ్బుతోని కడిగిందే గద," అంది డాక్టరు. ఆమె మళ్లీ క్యాలెండరు దగ్గరికి పోయింది.

"ఇంతకు గిది ఏంటిదమ్మా?" అని అడిగింది అత్తమ్మ. దాచడానికి ఇంకేం మిగిలింది? డాక్టరు మర్యాదగా, నాలుగు మాటల్లో చెప్పింది. జారుడు, బరువు, రింగు. అత్తమ్మ అంతా విన్నది. కొడుకు వైపు తిరిగింది.

"నువ్వు బయటికి పోరా. పోయి చాయ తాగు."

"ఎందుకమ్మ, నేను..."

"పో అంటున్న."

ఆయన పోయాక అత్తమ్మ తెరను ఈ చివర నుంచి ఆ చివర దాకా లాగింది. "డాక్టరమ్మా, నాకు సుత జర సూడు. వీడు పుట్టినకాడికెల్లి ఉన్నది."

వీడికి అప్పుడు యాభై ఒకటి.

"నాటేస్తుంటె జారేది," అంది అత్తమ్మ, ఎవరి కథో చెబుతున్నట్టు. "గట్టు చాటుకు పోయి, మీదికి తోసి, గోచి బిగించి, మళ్ల నాటేసేదాన్ని. పనికి ఆలస్యమైతె తిట్టేటోళ్లు."

"గిన్నేండ్లా అత్తమ్మా? నాకెందుకు చెప్పలే?"

"ఎవలకు చెప్పాలె? మా అత్తకు సుత ఉండె, ఆమె నాకు చెప్పిందా? నువ్వు చెప్పినవా?"

మెదక్‌లో నా నోటికి జవాబు చెప్పినవాళ్లు లేరు. ఆ రోజు అత్తమ్మ చెప్పింది. పాతికేళ్లు ఒకే వంటింట్లో, ఒకే పొయ్యి ముందు, ఇద్దరం ఒకే భయాన్ని చెరో కొంగు కింద కప్పుకుని తిరిగాం.

డాక్టరు ఆమెను చూసింది. పుండేమీ లేదు, రింగు సరిపోతుందంది. నాదానికంటే ఒక సైజు పెద్దది. గురిగి కింద నలిగిన పాతదాన్ని పారేయమని చెప్పి నాకు కొత్తది పెట్టింది. ఎవరిది వాళ్లే వాడుకోవాలని ఇద్దరికీ చెరోసారి చెప్పింది. ఈసారి బొమ్మ గీసి చెప్పింది, నేను చేతులు కట్టుకుని విన్నాను. కప్ప ఊసు ఎత్తలేదు.

తర్వాత డాక్టరు అత్తమ్మ చేతికి రింగు ఇచ్చి, "ఎట్ల పట్టుకోవాల్నో చూపిస్త, జర కష్టమే గాని అలవాటైతది," అని మొదలుపెట్టింది. ఆమె మాట ముగియలేదు. అత్తమ్మ వేళ్లు అప్పటికే రింగును నడుమకు మడిచి, మూతి సన్నగా చేసి, చూపుడు వేలు సరిగ్గా ఎక్కడ ఉండాలో అక్కడ పెట్టి పట్టుకున్నాయి. నాకు ఆ పట్టు రావడానికి మూడు వారాలు పట్టింది.

"అరె, మీకు మంచిగ వచ్చింది," అంది డాక్టరు.

"పండుగలకు కొబ్బరి నింపి గరిజెలు మడిచిన చేతులు బిడ్డా," అంది అత్తమ్మ.

అందుకని చదివేవాళ్లందరి ఎదుట, పెరుగు గురిగి మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో ఏ డాక్టరు మాటకూ కప్పను అడ్డం పెట్టను. నా ఒంటికి సంబంధించిన వస్తువును వంటింటి మేకుకు తగిలించను. తగిలించినా అదేమిటో అత్తమ్మకు చెప్పే తగిలిస్తాను. ప్రత్యుత్పత్తి పాఠం వచ్చినప్పుడు పేజీలు తిప్పను, పిల్లలు తిప్పినా ఊరుకోను.

ప్రమాణం అయిపోయింది, కానీ నాకు నిద్ర పట్టనివ్వని ముక్క ఒకటి మిగిలింది. ఆ ఆదివారం ఏడుగురు చుట్టాలకు జొన్నరొట్టెలు చేస్తూ అత్తమ్మ రెండు గంటలు నిలబడింది. రోజూ పట్టుకునే నడుమును ఒక్కసారి కూడా పట్టుకోలేదు, ఒక్కసారి పీట అడగలేదు. ఆ రోజు నడుము ఎట్లా నిలిచిందని నేను చాలాసార్లు అడిగాను. అడిగినప్పుడల్లా, "గురిగి ఊగిందా? లేదు గద. ఇగ ఊకో," అంటుంది. మీరే చెప్పండి: మేకు మీది నుంచి దిగిన నా రింగు నేరుగా గురిగి కిందికే పోయిందా, లేక దారిలో ఇంకెక్కడన్నా ఆగి పోయిందా?